బతికున్న కణం చెప్పే సాక్ష్యం

అరకు, పాడేరు, ముంచంగిపుట్టు కొండల్లో తొలకరి పడి గెడ్డలు పారడం మొదలైతే చలిజ్వరాల రోజులు వచ్చినట్టే. వేలి కొసన సూదితో గుచ్చి తీసిన నెత్తురు చుక్కలో మలేరియా బయటపడితే, చేతికి వచ్చే మందుల్లో ప్రైమాక్విన్ అనే చిన్న మాత్ర కూడా ఉంటుంది. మలేరియాలో వైవాక్స్ అనే రకం ఉంది. దాని పరాన్నజీవి నెత్తురులోంచి పోయినా కాలేయంలో నెలల తరబడి నిద్రపోతుంది. ఆ తర్వాత ఏ దోమా కుట్టకుండానే లేచి మళ్లీ జ్వరం తెస్తుంది. నిద్రలో ఉన్న ఆ జీవిని చంపడానికి వైద్యుల చేతిలో ఉన్న మందులు రెండే: ప్రైమాక్విన్, దాని కుటుంబంలోనే పుట్టిన టాఫెనోక్విన్. వైవాక్స్ రోగులకు మన దేశంలో ప్రైమాక్విన్‌ను ఒంటి బరువులో కిలోకు రోజుకు 0.25 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు ఇస్తారు. చాలామందికి దీనితో పెద్ద ఇబ్బంది ఉండదు. కొందరికి మాత్రం మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఎర్రకణాలు పగిలిపోతాయి. మూత్రం కాఫీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది, కళ్లు పచ్చబడతాయి, అసలే నెత్తురు తక్కువున్న మనిషి మంచం పడుతుంది. ఒకే మాత్ర ఒకరికి మందూ పక్కవారికి ముప్పూ ఎందుకవుతోంది? దీనికి జవాబు ఎర్రకణం లోపల, క్షణాల్లో పుట్టి క్షణాల్లో మాయమయ్యే కొన్ని అణువుల దగ్గర ఉంది. ఆ అణువులను బతికున్న కణంలోనే పట్టి చూపించే వెలుగు ప్రోటీన్ల గురించి ఈ ప్రసంగం. కణాన్ని పగలగొట్టి తీసిన లెక్క చాలదనీ, మన్యం జనం విషయంలో అది మరీ చాలదనీ నా వాదం.

ఆ అణువుల్లో ముఖ్యమైనది మనకు కొత్తది కాదు. పుండు కడగడానికి పోస్తే బుసబుసమని నురుగొచ్చే హైడ్రోజన్ పెరాక్సైడే అది. నెత్తురులో ఉన్న కాటలేజ్ అనే ఎంజైమ్ దాన్ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంటే ఆ నురుగు వస్తుంది. సీసాలో ఉండే ఈ పదార్థమే అతి సూక్ష్మమైన మోతాదులో మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఎప్పుడూ పుడుతూనే ఉంటుంది. కొంచెం ఉంటే కణాలు దాన్ని కబురు మోసే దూతగా వాడుకుంటాయి. హద్దు దాటితే అది ప్రోటీన్లనూ కణపు పొరనూ తినేస్తుంది. ఎర్రకణానికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే దాని పనే ఇనుమునూ ఆక్సిజన్‌నూ కలిపి మోయడం. ఆ రెండూ కలిసిన చోట ఏం జరుగుతుందో వానలో వదిలేసిన నాగలి కర్రును చూసిన ఎవరికైనా తెలుసు. కణానికి రక్షణగా గ్లూటాథయోన్ అనే చిన్న అణువు ఉంటుంది. అది పెరాక్సైడ్‌ను ఎదుర్కొని తాను ఖర్చయిపోతుంది. ఖర్చయిన దాన్ని తిరిగి నిలబెట్టడానికి ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు కావాలి. దాన్ని తయారుచేసే ఎంజైమ్ పేరు జీ6పీడీ. మిగతా కణాలకు ఎన్‌ఏడీపీహెచ్ సంపాదించుకునే వేరే దారులు కూడా ఉన్నాయి. కేంద్రకమూ మైటోకాండ్రియా లేని ఎర్రకణానికి ఇదొక్కటే దారి. అరిగిపోయిన ఎంజైమ్ స్థానంలో కొత్తది చేసుకునే శక్తి కూడా దానికి లేదు. పుట్టినప్పుడు వెంట తెచ్చుకున్న సరుకుతోనే దాదాపు 120 రోజులు నెట్టుకురావాలి.

ప్రైమాక్విన్ ఈ బలహీనతను బయటపెట్టిన తీరు వైద్య చరిత్రలో గొప్ప పరిశోధన, మాయని మచ్చ కూడా. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం స్టేట్‌విల్ జైల్లో 1950ల్లో ఖైదీల మీద మలేరియా మందులను పరీక్షించారు. మందు పడని మనిషి ఎర్రకణాలకు రేడియోధార్మిక క్రోమియంతో గుర్తుపెట్టి, మందు పడే మనిషికి ఎక్కించి ప్రైమాక్విన్ ఇస్తే, ఎక్కించిన కణాలే చచ్చిపోయాయి. తప్పు మనిషిలో మరెక్కడో లేదనీ, ఆ కణంలోనే ఉందనీ దానితో తేలింది. 1956లో ఆల్వింగ్ బృందం ఆ తప్పు జీ6పీడీ ఎంజైమ్ లోపమని చూపించింది. ముసలి కణాలు ముందు పగులుతాయనీ, కొత్తగా పుట్టిన కణాల్లో ఎంజైమ్ ఇంకా కొంత మిగిలి ఉంటుంది కాబట్టి అవి తట్టుకుంటాయనీ కూడా అప్పుడే తెలిసింది. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే రావాలి.

ఇప్పుడు మన కొండలకు వద్దాం. జీ6పీడీ లోపం మలేరియా పాతుకుపోయిన చోట్లనే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ లోపం ఉన్న ఎర్రకణంలో పరాన్నజీవికి కూడా సుఖం ఉండదు గనుక, తరతరాలుగా అది కొందరిని కాపాడుతూ వచ్చిందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అది ఎవరిని ఎంత కాపాడింది అన్న దానిమీద వాదాలు ఇంకా ఉన్నాయి. తూర్పు కనుమలు ఎంత కాలంగా మలేరియా గడ్డగా ఉన్నాయో చెప్పడానికి 1914 నాటి పెర్రీ నివేదిక ఒకటి చాలు. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన జయపురం కొండల్లో మలేరియా గురించి రాసిన నివేదిక అది. ఈ నేపథ్యంలో 1995లో వచ్చిన ఒక అధ్యయనానికి మన్యంలో రావలసినంత ప్రచారం రాలేదని నా అభిప్రాయం. భారతదేశంలోని గిరిజన, పట్టణ సమూహాల నెత్తురును పరిశీలిస్తే జీ6పీడీ లోపం సమూహాన్ని బట్టి నూటికి 3 నుంచి 15 మంది వరకు కనిపించింది. అంతకంటే ముఖ్యంగా, గిరిజనుల్లో ఆ లోపానికి ఎక్కువగా కారణమైన రూపం అంతకు ముందు ఎవరూ చూడనిది. ఎంజైమ్ గొలుసులో 44వ స్థానంలో ఉండాల్సిన అలనిన్ బదులు గ్లైసిన్ ఉంది. దానికి జీ6పీడీ ఒరిస్సా అని పేరు పెట్టారు. పట్టణవాసుల్లో అది కనిపించలేదు. వారిలో ఎక్కువగా ఉన్నది మధ్యధరా రూపం. కోందులు, గదబలు, పోర్జాలు ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల మధ్య గీతకు రెండువైపులా ఉన్నవాళ్లే. కాబట్టి అరకు కొండల్లో ప్రైమాక్విన్ గురించి ఆలోచించేటప్పుడు ముందు గుర్తుకు రావలసింది ఈ రూపమే.

ఈ రూపంలో తేడా ఎక్కడుంది? జీ6పీడీ పనిచేయాలంటే ముడిసరుకుగా ఎన్‌ఏడీపీ అనే అణువును పట్టుకోవాలి. ఒరిస్సా రూపానికి ఆ పట్టు సడలిపోయింది. మామూలు ఎంజైమ్ సగం వేగంతో పనిచేయడానికి ఎంత ఎన్‌ఏడీపీ కావాలో, దీనికి దానికి ఐదు రెట్లు కావాలి. నా వాదానికి ఇదే ఇరుసు. ఆసుపత్రిలో జీ6పీడీ పరీక్ష ఎలా చేస్తారో చూడండి. నెత్తురు కణాలను పగలగొట్టి, ఎంజైమ్‌ను బయటికి తీసి, దానికి కావలసిన గ్లూకోజ్ ఫాస్ఫేట్‌నూ ఎన్‌ఏడీపీనీ పుష్కలంగా పోసి, ఎంత ఎన్‌ఏడీపీహెచ్ తయారైందో చూస్తారు. ఎన్‌ఏడీపీహెచ్‌కు అతినీలలోహిత కాంతిలో వెలిగే గుణం ఉంది. వడపోత కాగితం మీద వేసిన చుక్క వెలిగితే ఎంజైమ్ ఉన్నట్టు, వెలగకపోతే లేనట్టు. 1960ల్లో బ్యూట్లర్ తీర్చిదిద్దిన ఈ పరీక్ష చవక, సులువు, ఎందరి ప్రాణాలనో కాపాడింది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ముడిసరుకు కొండంత పోసినచోట పట్టు సడలిన చెయ్యి కూడా గంప నింపగలదు. సరుకు అరకొరగా ఉన్నచోట అదే చెయ్యి ఖాళీగా మిగులుతుంది. బతికున్న ఎర్రకణంలో ఎన్‌ఏడీపీ పుష్కలంగా ఉండదు. అందువల్ల ఒరిస్సా రూపంలో లోపం ఉందని గొట్టంలో పరీక్ష చెప్పగలిగినా, ఆ లోపం కణంలో ఎంత తీవ్రమో సరిగ్గా చెబుతుందని నమ్మడానికి వీల్లేదు. ఇది ఎంజైమ్ లక్షణం నుంచి నేను తర్కించి తీసిన మాట. తేల్చాలంటే కణం లోపలే కొలవాలి.

గొట్టం పరీక్షకు ఇంకో రెండు గుడ్డి మచ్చలు ఉన్నాయి. వాటి విషయంలో ఊహలు అక్కర్లేదు. మొదటిది, ఇందాక గుర్తుంచుకోమన్న సంగతి. మందు వల్లనో జ్వరం వల్లనో ముసలి కణాలు అప్పటికే పగిలిపోయి ఉంటే, మిగిలినవన్నీ ఎంజైమ్ ఎక్కువగా ఉన్న లేత కణాలు. ఆ సమయంలో నెత్తురు తీస్తే లోపం ఉన్న మనిషి కూడా బాగానే ఉన్నట్టు ఫలితం వస్తుంది. రెండోది ఆడవారి విషయం. జీ6పీడీ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవారి ప్రతి కణంలో రెండు ఎక్స్‌లలో ఒకటి మూతబడిపోతుంది. ఒక ఎక్స్ మీద మంచి జన్యువు, మరో ఎక్స్ మీద లోపమున్న జన్యువు ఉన్న తల్లి నెత్తురులో రెండు రకాల ఎర్రకణాలూ కలగలిసి తిరుగుతుంటాయి, సుమారుగా సగం కవచమున్నవి, సగం కవచం లేనివి. మొత్తం నెత్తురును పగలగొట్టి కొలిస్తే ఎంజైమ్ నూటికి సుమారు 50 పాళ్లు ఉందని వస్తుంది. రోజూ ప్రైమాక్విన్ ఇవ్వడానికి 30 పాళ్లు దాటితే చాలునంటారు కాబట్టి ఆమెకు మందు ఇస్తారు. ఆమె ఒంట్లో సగం కణాలు మాత్రం ఏ రక్షణా లేకుండా ఆ మందును ఎదుర్కొంటాయి. ఊళ్లో ఒక ఇంటికి రెండు పుట్ల ధాన్యం, పక్కింటికి గింజ కూడా లేకపోతే, ఇంటికో పుట్టి ఉందని రాసుకోవడం లాంటి లెక్క ఇది. ఒక్కొక్క కణాన్ని విడిగా, బతికుండగా చూసే సాధనం ఉంటే తప్ప ఈ తేడా కంటికి ఆనదు.

ఆ సాధనం సముద్రంలోంచి వచ్చింది. అమెరికా పడమటి తీరపు నీళ్లలో తేలే ఈక్వోరియా విక్టోరియా అనే జెల్లీచేప నుంచి ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్‌ను ఒసాము షిమోమురా 1962లో వేరుచేశారు. దాన్నే జీఎఫ్‌పీ అంటారు. వానాకాలం రాత్రి కొండవాలుల్లో కనిపించే మిణుగురుల వెలుగు వేరు, ఇది వేరు. మిణుగురు తన ఒంట్లోని ఇంధనాన్ని మండించుకొని వెలుగు పుట్టిస్తుంది. జీఎఫ్‌పీ మనం వేసిన నీలి వెలుతురును మింగి ఆకుపచ్చ వెలుతురును తిరిగి ఇస్తుంది. 238 అమైనో ఆమ్లాల గొలుసు చుట్టుకొని 11 పలకల పీపాలాగా మారుతుంది, ఆ పీపా నడుమ మూడు అమైనో ఆమ్లాలు తమలో తామే ముడిపడి దీపపు వత్తి అవుతాయి. బయటి నుంచి వేరే పదార్థమేదీ అక్కర్లేదు, ఆక్సిజన్ ఉంటే చాలు. అందువల్ల దీని జన్యువును ఏ జీవి కణంలో పెట్టినా ఆ కణమే దీపాన్ని తయారుచేసుకుంటుంది. 1992లో డగ్లస్ ప్రాషర్ ఆ జన్యువును పట్టుకున్నారు. 1994లో మార్టిన్ చాల్ఫీ దాన్ని వేరే జీవుల్లో వెలిగించారు. రోజర్ చెన్ దానికి రంగులు మార్చారు. 2008 నోబెల్ బహుమతి షిమోమురా, చాల్ఫీ, చెన్‌లకు వచ్చింది. జన్యువును వేరుచేసి ఇతరులకు ఉదారంగా పంపిన ప్రాషర్‌కు అందులో వాటా దక్కలేదు, ఆ సంగతి చెప్పకుండా ఈ కథను దాటిపోవడం నాకు న్యాయమనిపించదు.

వెలిగే ప్రోటీన్ ఉన్నంతమాత్రాన అది పెరాక్సైడ్‌ను పట్టదు. దానికి స్పర్శ నేర్పాలి. 2004లో ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రెమింగ్టన్ బృందం పీపా గోడ మీద పక్కపక్కనున్న రెండు పలకల్లో, 147, 204 స్థానాల్లో, గంధకమున్న సిస్టీన్‌లను పెట్టింది. కణంలో ఆక్సీకరణ పెరిగితే ఆ రెండు గంధకాలు చేతులు కలుపుకుంటాయి, తగ్గితే వదులుకుంటాయి. చేతులు కలిసినప్పుడు పీపా కాస్త బిగుసుకొని, లోపలి దీపం స్వభావం మారుతుంది. 400 నానోమీటర్ల ఊదా వెలుతురుకు ఎక్కువగా, 490 నానోమీటర్ల నీలి వెలుతురుకు తక్కువగా స్పందిస్తుంది. చేతులు విడిపోతే దీనికి తిరగబడి ఉంటుంది. ఈ రూపకల్పనలో తెలివంతా ఇక్కడే ఉంది. వెలుగు ఎంత ఉందన్నది కాదు కొలత. రెండు వెలుతురులకు వచ్చిన స్పందనల నిష్పత్తి. ఒక కణంలో సెన్సర్ ప్రోటీన్ ఎక్కువ, పక్క కణంలో తక్కువ ఉన్నా, కణం మందంగా ఉన్నా పలచగా ఉన్నా నిష్పత్తి మారదు. ప్రయోగం చివర కణానికి ఒకసారి పూర్తిగా ఆక్సీకరించే పదార్థం, మరోసారి పూర్తిగా క్షయకరించే పదార్థం ఇచ్చి రెండు కొసలనూ గుర్తిస్తారు. ఆ రెండు గుర్తుల మధ్య కణం ఎక్కడ ఉందో అప్పుడు అంకెల్లో చెప్పొచ్చు. అంతకు ముందు వాడిన రసాయన రంగులకు ఈ గుణం లేదు. అవి ఒకసారి వెలిగితే వెనక్కి రావు, ఇనుము తగిలినా వెలుగుతాయి, ఏ అణువు వెలిగించిందో చెప్పవు.

అయినా ఈ ప్రోటీన్ ఒక్కటే ఉంటే గ్లూటాథయోన్‌తో దాని సంభాషణ చాలా నెమ్మది. మైదానం నుంచి వచ్చిన డాక్టరుకు కొండల్లోని కువి భాష మాట్లాడే రోగి చెప్పేది అర్థం కావాలంటే నడుమ ఒక దుబాసీ ఉండాలి కదా. హైడెల్‌బర్గ్‌లో టోబియాస్ డిక్ బృందం 2008లో గ్లూటారెడాక్సిన్ అనే ఎంజైమ్‌ను సెన్సర్‌కు అంటుకట్టి ఆ దుబాసీని కుదిర్చింది. ఆ తర్వాతి ఏడాది ఈస్ట్‌లోని ఓఆర్‌పీ1 అనే పెరాక్సైడ్ ఎంజైమ్‌ను అంటుకట్టి, హైడ్రోజన్ పెరాక్సైడ్ మాటే వినే మరో సెన్సర్ చేసింది. అంతకు ముందే 2006లో మాస్కోలో బెలోసోవ్, లుక్యానోవ్‌లు బాక్టీరియాలో పెరాక్సైడ్‌ను పసిగట్టే ఆక్సీఆర్ ప్రోటీన్ నడుమ వెలిగే ప్రోటీన్‌ను చొప్పించి హైపర్ అనే సెన్సర్ తయారుచేశారు. మన ప్రశ్నకు వీటిలో గ్లూటారెడాక్సిన్ సెన్సర్ అతికినట్టు సరిపోతుంది. జీ6పీడీ పనే గ్లూటాథయోన్‌ను నిలబెట్టడం, ఆ సెన్సర్ చదివేది సరిగ్గా గ్లూటాథయోన్ స్థితినే. కవచం ఎంత అరిగింది, ఎంతసేపట్లో తిరిగి కోలుకుంది అన్న రెండూ ఒకే చోట కనిపిస్తాయి.

ఈ పద్ధతి రోగాల మీద పనికొచ్చిందా అని అడిగేవారికి రెండు సాక్ష్యాలు చెబుతాను. 2013లో జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయంలో కట్యా బెకర్ బృందం గ్లూటారెడాక్సిన్ సెన్సర్‌ను ఫాల్సిపారం మలేరియా పరాన్నజీవిలోనే పెట్టి, ఎర్రకణం లోపల బతికున్న ఆ జీవి మీద మలేరియా మందులు ఎలా పనిచేస్తున్నాయో చూసింది. రెండో సాక్ష్యం మన దేశానిది, నన్ను ఎక్కువ కదిలించింది అదే. క్షయ బాక్టీరియాలో గ్లూటాథయోన్ ఉండదు, దాని బదులు మైకోథయోల్ ఉంటుంది. అమిత్ సింగ్ బృందం 2014లో మైకోథయోల్ భాష తెలిసిన దుబాసీని జీఎఫ్‌పీకి అంటుకట్టింది. రక్షక కణాలు మింగిన క్షయ బాక్టీరియాలన్నీ ఒకే స్థితిలో లేవనీ, కొన్ని తమ కవచాన్ని మరింత బిగించుకొని మందులకు లొంగకుండా ఉంటున్నాయనీ ఆ సెన్సర్ చూపించింది. సగటు తీస్తే ఆ మొండివి లెక్కలోకే రావు. రక్షక కణంలోని ఆమ్లత్వమే వాటికి ఆ బలాన్నిస్తోందని తేలాక, ఆ ఆమ్లత్వాన్ని తగ్గించే మందు కోసం చూశారు. దొరికింది క్లోరోక్విన్. మన ఏజెన్సీలో చలిజ్వరానికి తరతరాలుగా ఇచ్చిన అదే మాత్ర. క్షయ మందుతో కలిపి ఇస్తే ఎలుకల్లోనూ గినీ పందుల్లోనూ బాక్టీరియా మరింత బాగా చచ్చిందని 2019లో ప్రకటించారు. జంతువుల్లో వచ్చిన ఫలితాన్ని మనుషులకు వైద్యమని చెప్పకూడదు. అయితే బతికున్న కణాన్ని విడివిడిగా చూడకపోతే ఆ మాత్ర వైపు ఎవరూ చూసేవారే కాదు.

ఇక ఆక్షేపణలు. కొలిచే వస్తువే కొలతను చెడగొడుతుందనే అనుమానం సహేతుకమైనదే. జీఎఫ్‌పీ దీపం తయారయ్యేటప్పుడు ప్రోటీన్‌కు ఒకటి చొప్పున హైడ్రోజన్ పెరాక్సైడ్ అణువు కూడా పుడుతుంది. తొలి హైపర్ సెన్సర్ ఆమ్లత్వం మారినా పెరాక్సైడ్ మారినట్టే కనిపించేది. వీటికి శాస్త్రం దాచిపెట్టి కాదు, బయటపెట్టే జవాబు చెప్పింది. పెరాక్సైడ్‌ను పట్టే సిస్టీన్‌ను తీసేసి, మిగతాదంతా అలాగే ఉంచిన గుడ్డి సెన్సర్‌ను పక్కన పెట్టి చూస్తారు. అదీ మారితే మార్పు పెరాక్సైడ్‌ది కాదు, ఆమ్లత్వానిది. 2020లో వచ్చిన హైపర్7 ఆ ఆమ్లత్వపు దోషాన్ని చాలావరకు వదిలించుకుంది. సెన్సర్ కొద్ది మోతాదులో స్థిరంగా ఉన్న కణాలనే వాడితే, దీపం పుట్టినప్పుడు వచ్చిన పెరాక్సైడ్‌ను కణం ఎప్పుడో సర్దుకొని ఉంటుంది. ఎర్రకణంలో ఇంతకంటే గట్టి చిక్కు ఒకటుంది. హిమోగ్లోబిన్ 415 నానోమీటర్ల దగ్గర వెలుతురును ఆబగా మింగేస్తుంది, మన నిష్పత్తిలో ఒక కాలు దాదాపు అక్కడే ఉంది. రెండు కొసల గుర్తింపును అదే కణంలో చేస్తే ఈ దోషం కొంత సర్దుకుంటుంది. ఎరుపు వైపు జరిపిన సెన్సర్లను తీర్చిదిద్దడం ఇంకా మంచి దారి. ఆ పని పూర్తయిందని నేను చెప్పను, చేయదగిందని మాత్రం గట్టిగా చెబుతాను.

ఇంకొకరు అడుగుతారు: డోలీలో రోగిని మోసుకొచ్చే దారుల్లో వెలిగే ప్రోటీన్లు ఏం పనికొస్తాయి? ముందు దోమతెరలు, రోడ్లు, ఇళ్లలో మందు పిచికారీ చూడండి అని. ఆ కోపంలో న్యాయం ఉంది. నేనూ ఆ వరుసనే కోరుకుంటాను. కానీ దోమతెర కాలేయంలో నిద్రపోతున్న వైవాక్స్‌ను లేపదు, చంపదు. దానికి మాత్రే కావాలి, మాత్రకు భద్రత కావాలి. మూత్రం నల్లబడిన మనిషిని ఊరంతా ఒకసారి చూస్తే, ఆ తర్వాత ఆ మాత్రను ఇంటికి తెచ్చుకున్నా ఎవరు మింగుతారు? 14 రోజుల కోర్సు మధ్యలో ఆగితే జ్వరం తిరిగి రావచ్చు. పైగా ఆ దోమతెర వెనక కథ ఏమిటి? 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి సూక్ష్మదర్శిని కింద పరాన్నజీవిని చూడకపోతే, దోమను ఆపాలన్న ఆలోచనకు ఆధారమే ఉండేది కాదు. ఆ రోజున ఆ పని కూడా జ్వరంతో వణికే మనిషికి చాలా దూరంగా కనిపించి ఉండాలి. అలాగే మోతాదు ప్రశ్న కూడా కొలతదే. ఫాల్సిపారం వ్యాప్తిని ఆపడానికి ఒక్కసారి ఇచ్చే ప్రైమాక్విన్‌ను కిలోకు 0.25 మిల్లీగ్రాములకు తగ్గిస్తే జీ6పీడీ పరీక్ష లేకుండానే ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. అంకె మారితే అదే మందు సురక్షితమైంది.

గొట్టం పరీక్షలే చాలు, ఇంకా కావాలంటే జన్యుపరీక్ష చేద్దాం అనేవారూ ఉన్నారు. జన్యుపరీక్ష 44వ స్థానంలో ఏముందో చెబుతుంది. ఆ మార్పున్న కణం ఎంత పెరాక్సైడ్‌ను ఎంతసేపు తట్టుకుంటుందో చెప్పదు. ఒరిస్సా రూపమున్న కణం ఎలా బతుకుతుందో, ఎప్పుడు తలవంచుతుందో మధ్యధరా రూపం మీద చేసిన పనిని చూసి ఊహించడం సరికాదు. రెండింటిలో లోపం ఒకేచోట లేదు.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఎర్రకణానికి కేంద్రకం లేదు కాబట్టి దానికి సెన్సర్ జన్యువును ఇవ్వలేం. దీనికి రెండు దారులు కనిపిస్తున్నాయి. ప్రయోగశాలలో మూలకణాల నుంచి ఎర్రకణాలను పెంచడం ఇప్పుడు సాధ్యమే. కేంద్రకం ఇంకా ఉన్న దశలోనే వాటికి ఒరిస్సా రూపాన్నీ సెన్సర్‌నూ ఇస్తే, కేంద్రకం పోయాక కూడా రెండు ప్రోటీన్లూ కణంలో మిగిలే ఉంటాయి. రెండో దారి మరింత చమత్కారమైంది. గీసెన్ బృందం చేసినట్టు సెన్సర్‌ను మలేరియా పరాన్నజీవిలో పెట్టి, ఆ జీవిని లోపమున్న ఎర్రకణాల్లోకి పంపాలి. శత్రువే లోపలి నుంచి మనకు కబురు పంపుతుంది. ఈ రెండో పద్ధతిలో తెలిసేది పరాన్నజీవి అనుభవం, ఎర్రకణం అనుభవం కాదు. అందుకే రెండూ పక్కపక్కన నడవాలి. హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఉంది, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు నేల మీదున్న ఈ సంస్థలే ఈ ప్రశ్నను తమదిగా తీసుకోవాలని నా కోరిక.

నెత్తురు ఎవరిది అన్న ప్రశ్నను చివరికి ఉంచాను గాని చిన్నదని కాదు. స్టేట్‌విల్‌లో తాళం వెనక ఉన్నవారి ఒంటి మీద ఈ విజ్ఞానం మొదలైంది. ఒరిస్సా రూపం గిరిజనులు ఇచ్చిన నెత్తురు నుంచి తెలిసింది. ఇకముందు చేసే పనికి నెత్తురు చుక్క అడిగేటప్పుడు కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో అడగాలి, ఎందుకో చెప్పాలి, కాదంటే వెనక్కి రావాలి. తేలింది ఆ ఊరికి ఆ భాషలోనే తిరిగి వెళ్లాలి. వెలిగే ప్రోటీన్‌తో చేసే పరీక్షలో ఒక మేలు ఉంది: మందు మోతాదులను మనిషి మీద కాక పళ్లెంలో పెంచిన కణాల మీద ముందు పరీక్షించవచ్చు. అడగవలసిన మొదటి ప్రశ్న ఇప్పటికే సిద్ధంగా ఉంది. జీ6పీడీ లోపమున్నవారికి రోజూ మాత్ర బదులు, కిలోకు 0.75 మిల్లీగ్రాముల చొప్పున వారానికి ఒకసారి, 8 వారాలు, వైద్యుల కనిపెట్టులో ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రెండు మాత్రల మధ్య ఏడు రోజుల ఎడం. ఒరిస్సా రూపమున్న ఎర్రకణంలో మొదటి మాత్ర ఖర్చు చేసిన గ్లూటాథయోన్ కవచం తిరిగి నిలబడడానికి ఎన్ని గంటలు పడుతుంది? సగం కణాలకు కవచమున్న తల్లి నెత్తురులో ఎన్ని కణాలు రెండో మాత్ర దాకా నిలుస్తాయి? ఆ ఏడు రోజులు చాలునా, ఇంకొన్ని రోజులు కావాలా అన్నది 400, 490 నానోమీటర్ల వెలుతురుల నిష్పత్తిలో, ఒక్కొక్క కణంలో చదవగలిగిన సంగతి.